అయిదేండ్ల అప్పు: ఒక కీళ్లవాతం కేసు

"కీళ్లవాతంతో బాధపడతారేగానీ ఎవరూ చావరు." తిరుపతి చుట్టుపక్కల ఈ మాట అననివాళ్లు లేరు. పేషెంట్లు అంటారు, వాళ్ల చుట్టాలు అంటారు, నాతో చదువుకున్న డాక్టర్లూ అంటారు. పైకి చూస్తే నిజమే. మరణ ధ్రువపత్రంలో కారణం అన్నచోట గుండెపోటు అనో, న్యుమోనియా అనో, కిడ్నీలు దెబ్బతిన్నాయనో రాస్తాం. ఇన్నేళ్ల ప్రాక్టీసులో అక్కడ రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఈ కీళ్లవాతానికి మా డాక్టర్ల పేరు) అని నేను ఒక్కసారీ రాయలేదు. రాయాల్సినవి ఎన్ని జారిపోయాయో అని ఈ కేసు తర్వాత అనిపించింది.

పేషెంటు ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నా పొరపాటును మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

వచ్చినప్పుడు

2016 ఆగస్టు. ఆమెకు 49 ఏళ్లు. పాకాల వైపు పల్లె. రెండు జెర్సీ ఆవులు, ఎకరంన్నర మామిడితోట, చిత్తూరులో డిగ్రీ చదివే కొడుకు. భర్త పోయి నాలుగేళ్లయింది. ఆమె వట్టికాళ్లతో లోపలికొచ్చింది. వెనకే కొడుకు ఆమె చెప్పులు చేత్తో పట్టుకొచ్చాడు. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"గున్యా జొరం వచ్చిన ఏటి నుంచి డాక్టరమ్మా. జొరం వదిలింది, నొప్పులు వదల్లా."

2006 చికున్‌గున్యా. ఆ ఏడు సీమ పల్లెల్లో ఇంటికొకరు మంచం పట్టినవాళ్లే. కొందరిలో ఆ నొప్పులు నెలల తరబడి, ఏళ్ల తరబడి కూడా ఉంటాయి. దాంతో ఇక్కడ ఏ కీలు వాచినా నింద చికున్‌గున్యా మీద పడుతుంది. గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమంటే, మధ్యలో రెండేళ్లు ఆమె బాగానే ఉంది. 2009లో రెండు మణికట్లూ ఒకేసారి వాచాయి, ఆ తర్వాత వేళ్లు, ఆ తర్వాత పాదాలు. ఎడమా కుడీ జోడుగా. అంటే నా దగ్గరికి వచ్చేసరికి జబ్బు వయసు ఏడేళ్లు.

పొద్దున పూట కీళ్లు ఎంతసేపు పట్టేసి ఉంటాయని అడగడం మాకు అలవాటు. గంట దాటితే కీళ్లవాతం వైపు మొగ్గుతాం. "గంటలు తెలీదమ్మా" అంది. "అయిదింటికి పాలు పిండాల. వేళ్లు మడవాలంటే మూడింటికే లేసి వేణ్ణీళ్లలో చేతులు పెట్టుకుంటా." రెండు గంటలు అని కేస్ షీట్‌లో రాసుకున్నాను. పోయిన ఏడాది నుంచి ఆ వేణ్ణీళ్లూ పనిచేయడం లేదు. పక్కింటామెకు పూటకింత అని ఇచ్చి పిండించుకుంటోంది.

చేతులు టేబుల్ మీద పెట్టించి చూశాను. ఆవు చన్ను గుప్పిట పట్టాలంటే వేళ్ల మొదలు కణుపులూ, నడిమి కణుపులూ రెండూ మడతపడాలి. ఈ జబ్బు పట్టుకునేది సరిగ్గా ఆ రెండు వరసలనే. గోటి దగ్గరి చివరి కణుపుల జోలికి సాధారణంగా పోదు. ఆమె చివరి కణుపులు నున్నగా, ఆడపిల్ల వేళ్లలా ఉన్నాయి. మిగతావి నొక్కితే మెత్తగా, ఉడికిన చిలగడదుంపలా ఉన్నాయి. కుడి బొటనవేలు మొదట్లో వంగి, కొసన వెనక్కి తిరిగిపోయింది. గుప్పిట సరిగ్గా పడక, కొన్నేళ్లుగా బొటనవేలు మడిచి దాని కణుపుతో చన్ను నొక్కి పిండిందట. పాడైన కీలు మీదే బరువంతా మోపిందన్నమాట.

లెక్కకు తీసుకునే 28 కీళ్లలో నొప్పి ఉన్నవి 14, వాపు ఉన్నవి 9. ఒంట్లో వాపు, మంట ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఈఎస్ఆర్ 78. తన బాధకు వందకు 70 వేసుకుంది. వీటన్నిటినీ కలిపి జబ్బు తీవ్రతను కొలిచే డీఏఎస్28 స్కోరు దాదాపు 7 వచ్చింది. 5.1 దాటితేనే తీవ్రం అంటాం. రక్తంలో ఈ జబ్బును పట్టిచ్చే గుర్తులు రెండూ ఉన్నాయి: రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్, యాంటీ సీసీపీ చాలా ఎక్కువ. చేతి ఎక్స్‌రేలో ఎముక అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.2. పశువులతో బతికే మనిషి కీళ్లనొప్పులతో వస్తే నేను బ్రూసెల్లా పరీక్ష కూడా చేయిస్తాను. పచ్చిపాల నుంచి, ఈనిన ఆవు మావి నుంచి అంటుకునే జబ్బు అది. ఆమెకు లేదు.

బీపీ 150/94. హెచ్‌బీఏ1సీ 7.6. షుగర్ ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

ఆ షుగర్‌కు ఒక కారణం ఆమె కొంగుముడిలోనే దొరికింది. కాగితం పొట్లంలో విడి మాత్రలు. నాలుగేళ్లుగా ఒకచోట కొనుక్కుని మింగుతోంది. "అవి ఏసుకుంటే గంటలో లేసి తిరగతానమ్మా." రేకు కత్తిరించి ఇచ్చారు కాబట్టి వెనక సగం పేరే ఉంది: "...మెథసోన్". డెక్సామెథసోన్ అర మిల్లీగ్రాము, రోజుకు రెండు. అది దాదాపు ఆరున్నర మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్‌తో సమానం. దాంతోపాటు నొప్పి మాత్ర డైక్లోఫెనాక్, పొట్టలో మంటకు ఇంకొకటి. స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేననను. నేనూ రాస్తాను, ఆమెకూ రాశాను. కానీ ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్క లేకుండా ఏళ్లకేళ్లు మింగితే నొప్పి అణిగి ఉంటుంది, కీలు లోపల అరిగిపోతూనే ఉంటుంది. షుగర్, బీపీ, బోలు ఎముకలు, చీటికీ మాటికీ ఇన్ఫెక్షన్లు అదనం. పుత్తూరుకు వెళ్లి మణికట్టుకు కట్టు కూడా కట్టించుకుంది. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టుకున్న పేరు నాకు తెలుసు. ఇక్కడ విరిగింది ఏమీ లేదు. వాచిన కీలును మూడు వారాలు కదలనీయకపోతే ఇంకా బిగుసుకుంటుంది, బిగుసుకుంది.

ప్రిస్క్రిప్షన్ రాస్తుంటే కొడుకు ఫోన్ చేత్తో పట్టుకుని నసిగాడు. "మేడం, దీంట్లో రాసినారు, ఈ జబ్బుంటే పదేండ్లు తక్కువ బతకతారంట. నిజమేనా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "వాడికేమి తెలుసులేమ్మా. నాకు ఒకటి చెప్పండి. బ్యాంకోళ్లు ఇంకో రెండు ఆవులకు అప్పిస్తా ఉండారు. అయిదేండ్లు కట్టాల. అది తీర్చేదాకా ఉంటానా, లేకుంటే పిల్లోడి నెత్తిన పడతాదా?"

ఆయుష్షు గురించి నన్ను చాలామంది అడిగారు. ఇంత సూటిగా, గడువు పెట్టి అడిగింది ఆమె ఒక్కతే. "అయిదేండ్లకు ఏం భయంలేదక్కా, తీసుకో" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తర్వాత తెలిసింది.

శనివారం మాత్ర

కీళ్లవాతాన్ని అణిచే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మూడు నెలల్లో 20కి తెచ్చాను. మరుసటి రోజు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. దానికి తోడు హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు 200. ఆమె బరువు 51 కిలోలు, కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. పొట్లం మాత్రల బదులు ప్రెడ్నిసలోన్ ఇచ్చి, నెలనెలా తగ్గిస్తూ వచ్చాను. నాలుగేళ్లు స్టెరాయిడ్ మింగిన ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ నిద్రపోతుంది. ఒక్కసారిగా ఆపితే మనిషి కూలిపోతుంది. పూర్తిగా మాన్పించడానికి తొమ్మిది నెలలు పట్టింది. బీపీకి, షుగర్‌కు మాత్రలు మామూలే.

మెథోట్రెక్సేట్‌కు వారం పేరు రాయకుండా నేను ప్రిస్క్రిప్షన్ ఇవ్వను. "వారానికి" అన్న మాట ఎక్కడో జారిపోయి రోజూ మింగినవాళ్లను చూశాను. నోరంతా పుండ్లు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఐసీయూలో. కీళ్లవాతంతో చావరు అనేవాళ్లు ఆ వార్డు చూడాలి. మా ఊరు తిరుపతి కాబట్టి చాలాకాలం అందరికీ శనివారం అనే రాసేదాన్ని, మరిచిపోయే రోజు కాదని. ఆమెకూ అదే రాశాను. నెల తిరక్కముందే వచ్చి "ఆ మాత్ర నాకు పడదమ్మా, కడుపులో తిప్పతాది" అంది. ఏం తిని వేసుకుంటున్నావంటే, ఏమీ తినకుండానట. శనివారం ఒక్కపొద్దు కదా! ఆ మాత్ర పరగడుపున వేసుకోకూడదని ఎక్కడా లేదు, కానీ రోజంతా ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి వికారం ముదురుతుంది. ఆదివారం రాత్రికి మార్చాను, సంగటి తిన్న తర్వాత. మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు. అప్పటి నుంచి మా క్లినిక్‌లో అందరికీ ఆదివారమే.

ఒక్క మాట ఖర్చు గురించి. ఆమెకు ఒక పూట పాల డబ్బుతో నెల మెథోట్రెక్సేట్ వచ్చేసేది. ఖరీదైన ఇంజెక్షన్ల దాకా పోవాల్సిన అవసరం రాలేదు. ఏడేళ్లు ఆలస్యంగా వచ్చినా రాలేదు, అది ఆమె అదృష్టం.

జబ్బు తగ్గుతోందా లేదా అన్నది ఆమె నాకు లీటర్లలో చెప్పేది. మూడో నెలలో "పూటకు రెండు లీటర్లు పిండినా". ఆరో నెలలో ఒక ఆవు పూర్తిగా. ఏడాది తిరిగేసరికి పక్కింటామెను మానిపించింది. నా పద్ధతిలో లెక్కేస్తే నొప్పి కీలు ఒకటి, వాపు సున్నా, ఈఎస్ఆర్ 22, డీఏఎస్28 2.9. అంటే 3.2 కంటే కింద, జబ్బు బాగా అణిగినట్టు. లీటర్ల లెక్కను నేను సరదాకు రాసుకోలేదు. 1984లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ డాక్టర్లు 75 మంది కీళ్లవాతం పేషెంట్లను తొమ్మిదేళ్లు వెంబడించి ఒక సంగతి రాశారు. ఎవరు బతికి ఉంటారో ఎవరు పోతారో ముందుగా చెప్పింది చొక్కా గుండీలు ఎంతసేపట్లో పెట్టుకోగలరు, ఎంత వేగంగా నడవగలరు, తమ పనులు తాము ఎంత చేసుకోగలరు అన్నవి. చేత కానివాళ్లలో బాగా కిందిమెట్టున ఉన్నవారిలో అయిదేళ్లకు సగం మంది మిగిలారు. అప్పట్లో మూడు గుండె నాళాలూ మూసుకుపోయినవాళ్ల పరిస్థితి అంతే ఉండేది. పాలు పిండే పట్టు తిరిగి రావడమంటే అందుకే నాకు అంత సంతోషం.

ఆ సంతోషంలోనే కళ్లు మూసుకున్నాను.

నేను చూడనిది

2016లో ఆమె ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ 84. బాగుంది అనుకున్నాను. 2017 చివర్లో 126. "మీగడ ఎక్కువ తింటున్నావేమో అక్కా, తగ్గించు" అన్నాను. "మీగడ మాకెక్కడిదమ్మా, పాలన్నీ సెంటరుకే పోతాయి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆమె చెప్పింది నిజం. ఒంట్లో మంట (కీళ్లను వాచేలా చేసే ఇన్‌ఫ్లమేషన్) రగులుతున్నప్పుడు ఎల్‌డీఎల్ పడిపోతుంది. కీళ్లవాతంలో ఇది తెలిసిన సంగతే. కొలెస్ట్రాల్ తక్కువ చూపిస్తుంది, గుండె ముప్పు మాత్రం ఎక్కువగా ఉంటుంది. మందులతో మంట చల్లారితే అసలు అంకె పైకొస్తుంది. అంటే 84 అబద్ధం, 126 ఆమె సొంత అంకె. 50 దాటిన మనిషి, షుగర్, బీపీ, నాలుగేళ్ల స్టెరాయిడ్, ఏడేళ్లు సరైన మందు అందని కీళ్లవాతం. యూరప్ కీళ్ల వైద్యుల సంఘం యూలార్, మామూలు గుండె ముప్పు లెక్క ఎంత వస్తే దాన్ని ఈ పేషెంట్లకు 1.5తో గుణించమంటుంది. గుణించనక్కర్లేదు, మామూలు లెక్క వేసినా ఆమెకు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రాయాల్సిందే. నేను ఏ లెక్కా వేయలేదు. షుగర్ డాక్టరు చూసుకుంటాడనుకున్నాను. ఆమెకు షుగర్ డాక్టరు లేడు, నేనే.

2019 ఫిబ్రవరిలో మామూలు చెకప్‌కు వచ్చి, లేవబోతూ చెప్పింది. జనవరిలో అలిపిరి నుంచి నడిచి కొండెక్కిందట. చేతులు బాగైతే నడిచొస్తానని మొక్కుకుందట. అలిపిరి దారిలో మెట్లు 3,550. మోకాళ్ల పర్వతం దగ్గర ఇక అడుగు పడలేదు. "మోకాళ్లు కాదమ్మా, మోకాళ్లు బంగారంగా ఉండాయి. ఊపిరి ఆడలా. పక్కన కూలబడితే ఎవరో మజ్జిగిచ్చినారు."

కీళ్లవాతం మనిషికి ఆయాసమంటే నా బుర్ర నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. అదీ తప్పు కాదు. పదిమందిలో ఒకరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది, ఆయుష్షు తగ్గించే వాటిలో అదొకటి. స్టెత్ పెడితే కింది భాగాల్లో వెల్‌క్రో పట్టీ విప్పినట్టు సన్నని చిటపటలు. సీటీలో రెండు వైపులా అడుగున కొద్దిగా గట్టిపడింది. దొరికింది కదా అని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. "ఈ కాస్త ఫైబ్రోసిస్‌కు అంత ఆయాసం రాదు. నడక పరీక్ష చేద్దామని ముందు ఈసీజీ తీయించాను. కింది గోడకు పాత గుండెపోటు ఉంది. మీకు తెలుసా?"

తెలియదు. మా క్లినిక్‌లో ఈసీజీ మెషిన్ నా కుర్చీకి ఆరడుగుల దూరంలో ఉంటుంది. రెండున్నరేళ్లలో ఆమెకు ఒక్కసారి కూడా తీయలేదు.

ఎకోలో గుండె పంపింగ్ 42 శాతం. యాంజియోలో కుడి నాళం పూర్తిగా మూసుకుంది, ఎడమ వైపు ముఖ్యమైన నాళంలో 80 శాతం అడ్డు. దానికి స్టెంట్ వేశారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద తిరుపతిలోనే అయిపోయింది.

ఆ గుండెపోటు ఎప్పుడు వచ్చిందని అడిగితే మొదట ఏమీ గుర్తులేదంది. కొడుకు గుర్తుచేశాడు. కార్తీకంలో ఆవు ఈనిన రాత్రి. దూడ అడ్డం తిరిగితే పశువుల డాక్టరు వచ్చేదాకా కొట్టంలోనే నిలబడింది. దవడ లాగింది, రవిక తడిసిపోయేంత చెమట. రాత్రంతా మెలకువ, పురుడు, చలి. అన్నిటికీ కారణం ఉంది. గ్యాస్ మాత్ర ఒకటి, నొప్పి మాత్ర ఒకటి వేసుకుని పొద్దున్నే పాలు పిండింది. కీళ్లవాతం ఉన్నవాళ్లలో ఛాతీనొప్పి లేకుండా, పోటు వచ్చినట్టే తెలియకుండా పోయే కేసులు ఎక్కువ. అమెరికాలో రోచెస్టర్ ప్రాంతపు రికార్డులు తిరగేసినప్పుడు ఇది బయటపడింది. ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో బతికేవాళ్లు కొత్త నొప్పిని పాత నొప్పుల లెక్కలో కలిపేస్తారన్నది నా అనుమానం.

వార్డుకు వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను చూసి అంది: "అయిదేండ్లన్నారే డాక్టరమ్మా. ఇంకా ముప్పై కంతులుండాయి." నిష్ఠూరంగా అనలేదు. నిజంగా లెక్క చెప్పింది.

ఎన్నేళ్లు అన్న ప్రశ్న

కొడుకు ఫోన్లో చూసిన పదేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, పాత తరం పేషెంట్ల నుంచి. మూడు నుంచి పదేళ్ల దాకా ఆయుష్షు తగ్గుతుందని రకరకాల పరిశీలనలు చెప్పాయి. మెథోట్రెక్సేట్ వాడకం ఊపందుకోకముందు జబ్బు పడ్డవాళ్లు చాలామంది ఆ లెక్కల్లో ఉన్నారు. ఆ మందుకు అమెరికాలో కీళ్లవాతం కోసం అనుమతి వచ్చిందే 1988లో. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అదే వయసు మామూలు జనంలో వందమంది పోయే చోట కీళ్లవాతం ఉన్నవాళ్లు సుమారు 150 మంది పోతారు. అమెరికా నర్సులను 1976 నుంచి దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో ఈ తేడా 40 శాతంగా తేలింది. అందులో ఊపిరితిత్తుల జబ్బుల వాటా ప్రత్యేకంగా కనిపించింది, ముఖ్యంగా రుమటాయిడ్ ఫ్యాక్టర్ లాంటివి పాజిటివ్ ఉన్నవాళ్లలో.

ఇంకో వైపు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2000 తర్వాత జబ్బు మొదలైనవాళ్లను చూస్తే, మొదటి అయిదేళ్లలో మామూలు జనానికీ వాళ్లకూ మరణాల్లో తేడా కనపడలేదు. అంతకుముందు అయిదేళ్లలో మొదలైనవాళ్లలో తేడా ఉంది. జబ్బు అదే. తొందరగా, గట్టిగా మందు పడటమే మారిందని నా నమ్మకం. మా ప్రాంతంలో పేషెంటు 2016లో వచ్చినా, మందు పడని ఏడేళ్లను లెక్కేస్తే ఆమె పాత తరం మనిషే. ఆ తేడా గ్రహించకుండానే నేను ఆమెకు కొత్త తరం జవాబు చెప్పాను.

పోయేవాళ్లలో ఇంచుమించు సగం మందికి కారణం గుండె, రక్తనాళాలు. కీలు పొరను తినే రసాయనాలే, టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటివి, రక్తనాళాల లోపలి పొరనూ గాయపరుస్తాయి. వేలికణుపు వాచి కనపడుతుంది, గుండెనాళం వాచినా కనపడదు. అమెరికాలోని విచితా అనే ఊరి క్లినిక్‌లో 1,240 మంది పేషెంట్లను పరిశీలించి 2002లో రాసిన పేపర్లో, మెథోట్రెక్సేట్ వాడినవాళ్లలో మొత్తం మరణాలు 60 శాతం, గుండె సంబంధమైనవి 70 శాతం తక్కువగా కనిపించాయి. ఇది పరిశీలన మాత్రమే. మందు వాడేవాళ్లూ వాడనివాళ్లూ మరో విధంగానూ వేరుగా ఉండొచ్చు. కీళ్లవాతం లేని గుండె పేషెంట్లకు అదే మందు ఇచ్చి చూసిన 2019 నాటి ట్రయల్లో లాభం కనపడలేదు. కాబట్టి దాన్ని గుండె మందు అననుగానీ, మంట రగిలే ఒంట్లో మంట ఆర్పితే గుండె కూడా బతికిపోతుందని మాత్రం నమ్ముతాను.

నొప్పి మాత్రల సంగతి చెప్పి తీరాలి. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ రెండూ గుండె ముప్పు పెంచుతాయి. ఆమెకు నేను "అవసరమైతే వేసుకో" అని ఎటోరికాక్సిబ్ రాసి ఉన్నాను. అవసరం లేని రోజు పాడి మనిషికి ఎక్కడుంటుంది? స్టెంట్ తర్వాత రక్తం పలచబరిచే మాత్రలు రెండు పడ్డాయి. వాటి మీద నొప్పి మాత్ర పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు. పూర్తిగా ఆపేశాను.

మెథోట్రెక్సేట్ మీదా వాదన జరిగింది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి కదా, ఆపేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ మందుతో అరుదుగా హఠాత్తుగా ఊపిరితిత్తులు వాచే మాట నిజం. కానీ కీళ్లవాతంలో నిదానంగా వచ్చే ఫైబ్రోసిస్‌కు అది కారణమని తర్వాతి అధ్యయనాలు చూపలేకపోయాయి. ఆపితే కీళ్లు మళ్లీ రగులుతాయి, వాటితో గుండె. కొనసాగించాను, ఏటా ఊపిరి పరీక్షతో. ఎఫ్‌వీసీ, అంటే నిండా పీల్చి వదలగలిగే గాలి, అప్పుడు ఉండాల్సిన దాంట్లో 74 శాతం.

తర్వాత

అటోర్వాస్టాటిన్ 40, మెటోప్రొలాల్, రక్తం పలచబరిచేవి, పాత మందులు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎక్కడా దొరకలేదు. కరోనాకు పనిచేస్తుందన్న మాట పుట్టగానే అవసరం లేనివాళ్లు డబ్బాలు డబ్బాలు దాచుకున్నారు, కీళ్లవాతం, లూపస్ వాళ్లు దుకాణాల చుట్టూ తిరిగారు. ఆమెకు ఆరు వారాలు మందు లేదు. మణికట్లు మళ్లీ వాచాయి, లాక్‌డౌన్‌లో వీడియో కాల్‌లో చెయ్యి ఫోన్‌కు అడ్డంగా పెట్టి చూపించింది. నేను ఇప్పటికీ ఆ రెండు నెలలను క్షమించలేను.

2022లో కొండకు వెళ్లి తలనీలాలు ఇస్తానంది, ఈసారి బస్సులో. మెడ వెనక నొప్పి, అప్పుడప్పుడు చేతుల్లో జివ్వుమనడం కూడా చెప్పింది. ఈ జబ్బు ముదిరితే మెడ పైభాగంలో మొదటి రెండు పూసల మధ్య పట్టు వదులవుతుంది. మెడ ముందుకు వంచి తీసిన ఎక్స్‌రేలో ఆ సందు 4 మిల్లీమీటర్లు ఉంది, 3 దాటకూడదు. గుండు చేసేటప్పుడు తల బలంగా కిందికి వంచొద్దని చెప్పమన్నాను. "మంగలాయనకు చీటీ రాసీండి" అంది. రాసిచ్చాను. ప్రిస్క్రిప్షన్ కాగితం మీద కల్యాణకట్టకు రాసిన మొదటి చీటీ అది.

ఇప్పుడు మా క్లినిక్‌లో కీళ్లవాతం ఫైలు అట్ట లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంటుంది: ఏడాదికోసారి ఈసీజీ, కొలెస్ట్రాల్ (కీళ్ల మంట తగ్గాకే, మంట మీద తీసింది నమ్మొద్దు), బీపీ, షుగర్, స్టెత్‌తో వీపు కింది భాగం, న్యుమోనియా, ఫ్లూ టీకాల తేదీలు. మా నర్సమ్మ దాన్ని "ఆవుల కాగితం" అంటుంది. ఏ ఆవులని కొత్త పేషెంట్లు అడుగుతుంటారు.

2024 నవంబరులో వచ్చింది. 57 ఏళ్లు. పంపింగ్ 50 శాతం, ఎఫ్‌వీసీ 72. వాపు కీళ్లు లేవు. కుడి బొటనవేలు ఎలా ఉండేదో అలాగే ఉంది, అది ఇక మారదు. కొడుకు పాలు పిండే మెషిన్ కొన్నాడు. అయినా ఒక ఆవును తన చేత్తోనే పిండుతోందట, పట్టు ఎట్లుండాదో చూసుకోవడానికి. బ్యాంకు అప్పు 2021లోనే తీరిపోయింది, చివరి రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా రిపోర్టులతో కలిపి ఉంచింది.

లేవబోతూ మళ్లీ కూర్చుంది. లేవబోతూ ఆమె చెప్పే మాటలంటే నాకిప్పుడు భయం.

"కొట్టం పెద్దది చేద్దామంటా ఉండాడు పిల్లోడు. ఈసారి ఏడేండ్లకు ఇస్తారంట. ఏమంటారు డాక్టరమ్మా?"

పడుకో అక్కా, ఈసీజీ తీసి చెప్తానన్నాను.